పక్కింటి దారిలో మంచు

జనవరి 8
రాత్రంతా మంచు. మోకాలి దాకా పేరుకుంది. పట్నంలో ఉన్నప్పుడు అపార్ట్‌మెంట్ వాళ్లే తీయించేవాళ్లు. ఈ ఊళ్లో ఎవరి దారి వాళ్లదే. పక్కింటి తోకుయో బామ్మ ఎనభై దాటినా నాకంటే ముందే పార పట్టింది. లోర్నా, మీ ఫిలిప్పీన్స్‌లో పార పట్టడం నేర్పరా అని ఎగతాళి చేసింది. మా దగ్గర ఐసు ఫ్రిజ్‌లో ఉంటుంది బామ్మా అన్నా. నవ్వింది. నవ్వుతూనే నడుం పట్టుకుంది.

జనవరి 11
వృద్ధాశ్రమంలో పొద్దుటి షిఫ్ట్. చీకటి ఉండగానే లేచి, నా దారిలో మంచుతో పాటు ఆమె దారిలోదీ తీసేశా. చెప్పలేదు. చెబితే మర్నాడు ముల్లంగి దుంపలతో గుమ్మంలో నిలబడుతుంది. మళ్లీ నేనేదో ఇవ్వాలి. ఆ మర్యాదలకి అంతుండదు.

జనవరి 15
మళ్లీ తీశా. ఎవడో వెధవ తనని ముసలిదాన్ని చేస్తున్నాడని బామ్మ తిట్టిపోసింది. ఊరిపెద్ద ఇగరాషిగారి మీద అనుమానమట. లోపల్లోపల నవ్వుకున్నా.

జనవరి 19
ఇవాళ కూడా.

జనవరి 22, సాయంత్రం
షిఫ్ట్ నుంచి వచ్చేసరికి అంబులెన్స్ వెళ్తోంది. బామ్మ పొద్దున్నే వంటగదిలో జారిపడి, మధ్యాహ్నం దాకా ఆ చల్లటి నేల మీదే ఉండిపోయింది. ఒళ్లు కట్టెలా అయిపోయిందట. ఇగరాషిగారు పొద్దున ఆ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాడు. దారి శుభ్రంగా ఉంది, బామ్మ లేచింది అనుకున్నాడు. ఇక్కడ అందరూ అలాగే చూస్తారట. మంచు అలాగే ఉంటే వెళ్లి తలుపు కొడతారు. నాకెవరూ చెప్పలేదు. ఇది చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచి ఉండదు.

జనవరి 23
తీసింది నేనేనని ఇగరాషిగారికి చెప్పా. తిట్టలేదు. టీ పోశాడు. మంచి మనసుతో చేశావు అన్నాడు, నా మొహం చూడకుండా. తిట్టినా బాగుండేది.
బామ్మకి ఇంకా తెలివి రాలేదు.

జనవరి 25
కళ్లు తెరిచిందట.

ఫిబ్రవరి 16
బామ్మ ఇంటికొచ్చింది, చేతికర్రతో. వెళ్లి తల వంచా. బామ్మ అంది: "నా దారిలో మంచు నేనే తీసుకుంటా. చేతకాకపోతే రెండు పారలైనా ఎత్తిపోస్తా. అదీ కనపడలేదా, వచ్చి తలుపు కొట్టు. నీ పని అంతే."

ఫిబ్రవరి 20
కర్ర గోడకి ఆనించి, రెండు పారలు ఎత్తిపోసింది. కిటికీ దగ్గరే నిలబడి చూశా. తీయడం కంటే ఇదే కష్టం.

మార్చి 2
జ్వరం. సెలవు పెట్టి పడుకున్నా. మంచు పడిందని కూడా తెలీదు. తలుపు దబదబా బాదారు. తీస్తే బామ్మ, వెనక ఇగరాషిగారు.
"బతికే ఉన్నావా పిల్లా?"
ఉన్నానన్నా.
సరే అని వెళ్లిపోయారు.