మతిమరుపు లేని ప్రొఫెసర్

జూన్ 9, మంగళవారం

ఉదయం డిపార్ట్‌మెంట్ హెడ్ వచ్చి వెళ్ళాడు. మా ఆయన పోయి నెల దాటింది కదా, ఇరవై ఎనిమిదిన సెమినార్ హాల్లో సంస్మరణ సభ పెడుతున్నారట. చిన్న పుస్తకం కూడా వేస్తున్నారట. ప్రూఫ్ కాపీ చేతిలో పెట్టి, ఫొటో ఓకేనా మేడమ్, చూసి చెప్పండి అన్నాడు.

ఫొటో బాగుంది. దాని కింద వాక్యం చదివాకే ఒళ్ళు మండింది. "భార్యాబిడ్డలను సైతం మరచి, జీవితమంతా గణితానికే ధారపోసిన మహర్షి."

ఎవరిని మరిచిపోయారట? నన్నా?

జూన్ 10

ఇంకా మంట చల్లారలేదు. రాసుకుంటే తప్ప చల్లారేలా లేదు.

ఆయన సబ్జెక్టు నాట్ థియరీ. తాళ్ళు ఎలా మెలిపడతాయి, ఏ ముడి విడుతుంది, ఏది విడదు. బ్రెయిడ్స్ అని, అంటే జడల మీద కూడా బోలెడు పేపర్లు రాశారు. ఇంట్లో పెద్దదాని జడలు కూడా ఆయనే వేసేవారు. నేను వేస్తే వదులుగా ఉంటాయని అది నా దగ్గరికే వచ్చేది కాదు. ఇంత బిగువుగా ఎవరు వేశారని స్కూల్లో టీచరు అడిగితే, మా నాన్న, ఆయన జడల్లో ప్రొఫెసర్ అని చెప్పిందట.

నాలుగయ్యేసరికి స్కూలు గేటు దగ్గర ఉండేవారు. చిన్నోడికి లెక్కలు నేర్పబోయి, గట్టిగా అరిచి, పది నిమిషాలకి వెళ్ళి వాడికి సారీ చెప్పి, ఇద్దరూ ఐస్‌క్రీమ్ తినొచ్చేవారు. వాడికి లెక్కలు రానేలేదు. పళ్ళ డాక్టరయ్యాడు.

మా ఇద్దరికీ గొడవలు లేవా అంటే కావలసినన్ని. నేను లాయర్ని, ఆయన లెక్కల మనిషి. నేను సాక్ష్యం తెస్తే అది ప్రూఫ్ కాదనేవారు. కిటికీ ఎవరు తెరిచి వదిలేశారో తేలేలోపు వాన వచ్చి వెలిసిపోయేది. కానీ మరిచిపోయే మనిషి మాత్రం కాదు. ఎవరికి ఏ మందు పడదో, ఎవరి టీకా ఎప్పుడో ఆయనకే గుర్తుండేది. స్టవ్ కట్టేశామా అని సగం దారిలో వెనక్కి పరిగెత్తేది నేను.

జూన్ 11, మధ్యాహ్నం

హెడ్‌కి ఫోన్ చేశాను. ఆ వాక్యం తీసెయ్యమన్నాను. అయ్యో మేడమ్, అది పొగడ్తే కదండీ అన్నాడు. నన్ను మరిచిపోవడం నీకు పొగడ్త ఎలా అయిందయ్యా అన్నాను. సార్ మతిమరుపు కథలు మా స్టూడెంట్స్‌కి కూడా తెలుసు మేడమ్, రెండో పేజీ చూడండి, పార్కు బెంచీ కథ ఉంది అన్నాడు.

చూశాను. విదేశాల నుంచి పేరున్న గణితవేత్త వచ్చిన రోజు సభకి అధ్యక్షత వహించాల్సిన ఈయన పత్తా లేరట. దారిలో ఏదో లెమ్మా, అంటే పెద్ద సిద్ధాంతానికి మెట్టులాంటి చిన్న ఫలితం, తట్టి, పార్కు బెంచీ మీద కూర్చుని చీకటిపడేదాకా లోకం మరిచిపోయారట.

శుద్ధ అబద్ధం. ఆ రోజు నా లా ఫైనల్ పరీక్ష. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. పిల్లలిద్దరికీ గవదబిళ్ళలు, జ్వరం, బుగ్గలు పొంగి బూరెల్లా ఉన్నారు. పరీక్ష మానేస్తానంటే వినలేదు. పెన్ను చేతికిచ్చి, నన్ను గుమ్మం దాటించి తలుపేసుకున్నారు. నేను వచ్చేసరికి ఒకడు ఒళ్ళో, ఒకత్తి వీపు మీద.

మళ్ళీ ఫోన్ చేసి ఈ పుకారు ఎవడు పుట్టించాడని అడిగాను. సారే స్వయంగా చెప్పేవారు మేడమ్ అన్నాడు హెడ్.

జూన్ 12

నమ్మలేదు. ఆల్జీబ్రా అన్నయ్యగారింటికి వెళ్ళాను. ఆల్జీబ్రా చెబుతూ, ఈయనతో ఒకే గదిలో ఉద్యోగమంతా వెళ్ళబుచ్చిన మనిషి. నన్ను చూడగానే విషయం అర్థమైపోయింది ఆయనకి.

నిజమేనమ్మా, వాడే చెప్పేవాడు అన్నారు. వాళ్ళు చేరిన కొత్తలో ఒకాయన భార్య పురుడని సెలవు పెట్టాడట. ఆ పాపానికి రిటైరయ్యేదాకా ఆయన పేరు మంత్రసానే. స్టాఫ్ రూమ్‌లో, పరీక్షల బోర్డులో, ఆఖరికి వీడ్కోలు సభలో కూడా. అది చూశాక ఈయన దారి మార్చారు. పిల్లాడికి జ్వరం అంటే నవ్వుతారు, ప్రాబ్లమ్‌లో పడి మీటింగ్ మరిచిపోయానంటే నెత్తిన పెట్టుకుంటారు. అందుకని మూడున్నర దాటగానే లేచి, తల గోక్కుంటూ, ఏదో తట్టినట్టు మొహం పెట్టి వెళ్ళిపోయేవారట. ఎక్కడికి వెళ్తున్నారని ఎవరూ అడిగేవారు కాదట.

అన్నయ్యగారు నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

జూన్ 13

గోడ మీది ఆయన ఫొటోకి వీపు పెట్టి కూర్చుని భోంచేశాను.

జూన్ 15

నా బాధేమిటో ఇవాళ తెలిసింది. కోర్టులో నన్ను ఎంతమంది వెక్కిరించినా, ఇంట్లో పిల్లాడికి ఒంట్లో బాగాలేదు, వాయిదా ఇవ్వండి అని జడ్జి మొహం మీదే అడిగాను. ఆడది లా చదివితే ఇంతే అని వెనక నుంచి వినపడేలా అన్నారు. పడ్డాను. ఆయన పడలేదు. మమ్మల్ని ఒక లెమ్మా వెనక దాచిపెట్టి, మహర్షి అనిపించుకున్నారు.

ఇంత ప్రేమించిన మనిషి మీద ఇంత కోపం రావచ్చా? వచ్చింది. వస్తే వచ్చింది.

జూన్ 17

పిల్లలిద్దరూ వచ్చారు. పెద్దది విని పడీపడీ నవ్వింది. నాన్న మామూలోడు కాదమ్మా అంది. చిన్నోడు నవ్వలేదు. సభలో ఏం మాట్లాడతావని అడిగాడు. ఉన్నది చెప్తానన్నాను. వద్దన్నాడు. ఆయన సంస్మరణ సభలో, ఆయన స్టూడెంట్ల ముందు, ఆయన అబద్ధాలకోరు అని నువ్వే చెప్తావా అన్నాడు. పోయినవాళ్ళు జవాబు చెప్పుకోలేరు కదమ్మా అన్నాడు.

గట్టి పాయింటే. నా కొడుకు లాయరై ఉండాల్సింది.

చెప్తే ఆయన అబద్ధమాడారని తేలుతుంది. చెప్పకపోతే వీళ్ళకి నాన్న లేడు, నాకు మొగుడు లేడు, పార్కు బెంచీ ఒకటి మిగులుతుంది.

జూన్ 24

చాలా రాసుకున్నాను, చాలా కొట్టేశాను. జడలు, ఐస్‌క్రీమ్, టీకాలు. అన్నీ చెప్తే పెళ్ళాం ఏడుస్తోంది పాపం అనుకుంటారు.

ఆయనే ఒకసారి నాకు చెప్పారు. "ఎప్పుడూ" అని ఎవరైనా అంటే వాదించక్కర్లేదు, ఒక్క కౌంటర్ ఎగ్జాంపుల్, అంటే అలా జరగని ఒక్క సందర్భం, పడెయ్, చాలు. ఆ మాట పట్టుకుని కోర్టులో ఎన్ని క్రాస్ ఎగ్జామినేషన్లు నెగ్గానో.

ఒక్క రోజే చెప్తాను.

జూన్ 28, సాయంత్రం ఆరు

చెప్పేశాను.

హాలు నిండింది. హెడ్ ఆ వాక్యం మైకులో చదివాడు. ధారపోసిన దగ్గర గొంతు కూడా వణికించాడు. తర్వాత మేడమ్ గారు రెండు ముక్కలు మాట్లాడతారు అన్నాడు.

కాగితం తీసుకెళ్ళలేదు. ఇది తప్పు స్టేట్‌మెంట్, కౌంటర్ ఎగ్జాంపుల్ ఇస్తున్నాను, రాసుకోండి అన్నాను. స్టూడెంట్లు కొందరు నిజంగానే పెన్నులు తీశారు. గవదబిళ్ళల రోజు చెప్పాను. పిల్లలు నిద్రపోయాక మంచం కోడుకి పెద్దదాని రిబ్బన్లు కట్టుకుని, ముళ్ళు వేసి విప్పుతూ ఆయన తన లెక్కల పని కూడా చేసుకున్నారని చెప్పాను. ఆ రాత్రి నాకు కూడా చూపించారు, నాకేం అర్థం కాలేదని చెప్పాను. పార్కు బెంచీ మీద ఆయన కూర్చోలేదు, మీకు అబద్ధం చెప్పారు అన్నాను. ఆయన్ని వెనకేసుకురాను, పిరికితనమే అన్నాను. కానీ బిడ్డ జ్వరం కన్నా మతిమరుపే మర్యాదైన కారణం అని ఆయనకి నేర్పింది ఈ బిల్డింగే, ముద్దాయిలిద్దరూ నిలబడాలి అన్నాను.

చిన్నోడు తల దించుకున్నాడు. అప్పుడు ముందు వరసలో ఆల్జీబ్రా అన్నయ్యగారు కర్ర పట్టుకుని లేచారు. థీసిస్‌లు దిద్దుకోవాలని చెప్పి నేను ఇంటికి వెళ్ళిపోయిన రోజులన్నీ మంచంలో ఉన్న మా అమ్మకి స్నానం చేయించడానికి వెళ్ళినవే అన్నారు. కూర్చున్నారు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఆపై అందరూ కొట్టారు. హెడ్ కూడా, చివర్లో.

బయటికి వచ్చాక చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు నాన్న వీపు మీదున్నది అక్క కాదు, నేను అన్నాడు. వాదించలేదు.

ఇంటికొచ్చి ఫొటో ముందు కూర్చున్నాను. ఏడ్చాను. ఆయన పోయిన రోజు ఇంత ఏడవలేదు.

జూలై 9

పుస్తకం అచ్చు ఆపి కొత్త ప్రూఫ్ పంపారు. ఫొటో అదే. వాక్యం మార్చారు. "కుటుంబం కోసం గణితాన్నే త్యాగం చేసిన మహర్షి."

ఫోన్ అందుకున్నాను.