అటు తిరిగిన మనిషి

భాలుబాసా,
నవంబరు 1983.

ఉక్కు కంపెనీ టౌన్ ఆఫీసు ఇంజనీరు భుజంగరావు గారికి బస్తీ కమిటీ కార్యదర్శి నమస్కరించి రాయునది.

మా కుళాయి పక్క గోడమీద తట్ట మోస్తున్న కూలీ మనిషి బొమ్మ బాగుందన్నారు, సంతోషం. అయితే ఆమె వీపు మాత్రమే కనిపిస్తోందనీ, మీ పెద్దసారు చూడడానికి వచ్చేలోగా ఇటు తిప్పి ముఖం వేయించమనీ కబురు పెట్టారు. అది కుదరదని మనవి.

జుగ్సలాయిలో లారీలకు రంగులు వేసే మా ఆదిబాబు మొదట ముఖమే వేశాడు. దానికి పసుపు రాయాలని మా తెలుగువాళ్ళు పట్టుబట్టారు. పాపిట నిండా సిందూరం లేకపోతే ఆడమనిషే కాదని బీహారీలన్నారు. ఒడియావాళ్ళకు ముక్కున నత్తు కావాలి, ఆదివాసీలకు నుదుట పచ్చబొట్టు కావాలి. మాటామాటా పెరిగి బిందెలు విసురుకునేదాకా వచ్చింది. ఆదిబాబు విసిగిపోయి ఆ ముఖం మీద నల్లరంగు పులిమేశాడు. మర్నాడు దాన్నే కొప్పుగా దిద్ది, మనిషిని అటు తిప్పేశాడు.

గొడవ అక్కడితో ఆగింది. ఇప్పుడు ఆమె తమ మనిషేనని నాలుగు వీధులవాళ్ళూ అంటున్నారు. కుళాయి దగ్గర ఇదివరకు ఎవరి వరస వాళ్ళదే. ఇప్పుడు ఒక్కటే వరస.

మీ కబురు చెప్పగానే, ఆ వరసలో నిలబడ్డ మా వీధి పెద్దావిడ జోగమ్మ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏటి బాబూ, ఇటు తిప్పితే ఎవుల మనిసో తెలిసిపోదా? ఆ సారుకి అంతగా ముకాలే సూడాలనుంటే మా ముకాలు సూడమను. అందరం ఈడే ఉంటాం."

ఇట్లు,
కార్యదర్శి