అక్సా దుప్పటి

నయీమ్, మనామా
15 ఫిబ్రవరి 2025, శనివారం సాయంత్రం

సాయికుమారి వదినగారికి,

ప్రభువు నామంలో మీ మరదలు మణి వందనాలు. మీ తమ్ముడుగారూ, అక్సా, నేనూ ఇక్కడ కులాసా. అన్నయ్యగారూ, మీరూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఇంతవరకూ మర్యాద ప్రకారం రాశాను, ఇక నావల్ల కాదు. వదినా, మన అక్సా రెండు రాత్రులు బయట పడుకుని వచ్చింది! పొడి దుప్పటితో వచ్చింది!

ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. చెబితే మీరు స్పీకరు పెడతారు, పక్కింటివాళ్లు కూడా వింటారు. అత్తయ్య ఒక్కదానికే చెప్పు అని అక్సా ఒప్పుకుంది కాబట్టి, రేపు సెలవు మీద ఊరొస్తున్న బెన్‌హర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పోయిన వేసవిలో మీ ఇంట్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పదకొండేళ్లొచ్చి పక్క తడుపుకోవడమేమిటని మీరు నొచ్చుకున్నారు, నేను తిట్టాను, అది తలుపు వేసుకుని ఏడ్చింది. మేం వచ్చేటప్పుడు మీరు ప్రార్థన చేయించిన నూనె సీసా కట్టి ఇచ్చారు. అదేమీ వృథా పోలేదు, దాని తలకు రాశాను.

ఇక్కడికొచ్చాక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆవిడ పిల్లనేమీ అనలేదు, అన్నదంతా నన్నే. బద్ధకం కాదమ్మా, మొండితనం అంతకన్నా కాదు, కొందరికి ఒళ్లు ఆ పట్టు నేర్చుకోవడం ఆలస్యమవుతుంది అంది. బళ్లో బాత్రూముకు వెళ్లడం ఇష్టం లేక అక్సా పగలంతా నీళ్లు ముట్టదట. సాయంత్రం ఇంటికొచ్చి సీసాల మీద సీసాలు తాగేస్తోంది. కన్నతల్లిని, నాకే తెలియదు చూడండి! పగలు బాగా తాగించమంది, పడుకోబోయే ముందు బాత్రూముకు పంపమంది, మలబద్ధకం లేకుండా చూసుకోమంది, తడిసినా పల్లెత్తు మాట అనొద్దంది. తడి తగలగానే మోగే అలారం కూడా వాడమంది. అది మోగితే మీ తమ్ముడు లేచేవారు, నేను లేచేదాన్ని, పై అంతస్తు వాళ్లు లేచేవారు, అక్సా మాత్రం లేచేది కాదు! పోనుపోను తనే లేవడం మొదలుపెట్టింది. పొడి రోజులు పెరిగాయి.

సరిగ్గా అప్పుడే మీ తమ్ముడు కొంప ముంచారు. సల్మాబాద్ గ్యారేజీలో నోరు విప్పని మనిషికి శుక్రవారం ఫెలోషిప్‌లో ఎక్కడలేని మాటలూ వస్తాయి. ప్రార్థన మనవులుంటే చెప్పండి అని పాస్టరుగారు అనడమే తడవు, లేచి నిలబడి, మా అమ్మాయి పక్క తడుపుతోంది, అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అనేశారు. అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో కూర్చున్న అక్సా చేతిలోని టాంబరిన్ కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఆ రోజు ఆయన్ని నమిలి మింగలేదంతే, వదినా! ఆయన మనసు చెడ్డదని కాదు. జ్వరమైనా వీసా అయినా అక్కడే చెప్పుకోవడం మనకు అలవాటు. కానీ ఇది ఎవరి సంగతి? అక్సా ఇక ఫెలోషిప్‌కు రానంది. బుసైతీన్‌లో విల్లా అద్దెకు తీసుకుని రెండు రాత్రులు పెట్టే పిల్లల రిట్రీట్‌కు అసలే రానంది. అక్కడ ముగింపు పాటకు టాంబరిన్ వాయించాలని ఏడాదిగా ఉబలాటపడుతున్న పిల్ల! మీ తమ్ముడు దాని ముందు కూర్చుని, నిన్ను అడక్కుండా నీ మాట నలుగురిలో పెట్టాను, తప్పు నాదే తల్లీ అన్నారు. అయినా అది రాననే అంది.

మరి ఎలా వెళ్లిందంటారా? రిట్రీట్‌లో ఆడపిల్లల్ని చూసుకునే సరిత ఫోన్ చేసింది. మా పెద్దోడూ ఇంతేనండీ, ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నాను అని గొల్లుమంది. తర్వాత అక్సాను పిలవమంది. ఇంకో దుప్పటీ ప్లాస్టిక్ షీటూ నా గదిలో ఉంటాయి, ఎప్పుడైనా వచ్చి లేపు, మూడో మనిషికి తెలియదు అని చెప్పింది. అక్సా చాలాసేపు ఆలోచించి, లేచి సంచి సర్దుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఈ మధ్యాహ్నం తిరిగొచ్చింది. ముగింపు పాటకు టాంబరిన్ వాయించిందట, అరచేతులు కందిపోయాయి! సంచి విప్పి నేను ముందు దుప్పటి తీశాను. పొడిగా ఉంది, మడత నలగలేదు. సిగ్గులేకుండా వాసన కూడా చూశాను, కమ్మటి సబ్బు వాసన! ఈ వయసులో ఎగిరి గంతేశాను. మీ తమ్ముడు స్తోత్రం అని అరవబోయి, అక్సా వైపు చూసి నోరు మూసుకున్నారు. ఈ పూట మా ఇంట్లో బిర్యానీ.

ఇంత సంతోషం ఒక్కదాన్నే పట్టలేక మీకూ పంచుతూ,
మీ మరదలు
మణి

తా.క. వదినా, ఉత్తరం మడుస్తుంటే అక్సా లాక్కుని చదివి పకపకా నవ్వింది. మడత నలగకుండా సబ్బు వాసన వస్తుంటే నీకు అనుమానం రాలేదా అమ్మా అంది. మొదటి రాత్రి తడిసిందట. తనే లేచి సరితను లేపి, ఆమె దగ్గరున్న దుప్పటి తీసుకుని, రెండో రాత్రి కూడా దాని మీదే పడుకుందట. తడిసినదాన్ని మర్నాడు పొద్దున తనే ఉతికి మేడ మీద ఆరేసిందట. ఇదెవరిదని ఒక పిల్ల అడిగితే, సరిత నాదేనని చెప్పబోయిందట. ఈలోగా అక్సా, నాదే, రాత్రి తడిసింది, నాకప్పుడప్పుడు అలా అవుతుంది, తగ్గుతోంది అనేసిందట. ఆ పిల్ల సరేనని, నాకూ టాంబరిన్ నేర్పవా అందట. పైన రాసినదాంట్లో నేను ఒక్క ముక్క కూడా కొట్టేయను, సంతోషం ఇప్పుడింకా ఎక్కువైంది. వచ్చే శుక్రవారం ఫెలోషిప్‌లో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ ఈ సంగతి తనే లేచి చెబుతుందట. మీ తమ్ముణ్ణి మాత్రం కూర్చునే ఉండమంది.