చిన్నమ్మమ్మ బస్సెక్కింది

అమ్మమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ నీ చెల్లెల్ని బస్సులో పిఠాపురం తీసుకెళ్ళాను.

మొన్నటిదాకా చిన్నమ్మమ్మ కూడా, నీలాగే, ప్రయాణమంటే మోకాళ్ళ నొప్పనేది. ఓ రోజు ఉతికిన చీరే మళ్ళీ ఉతుకుతుంటే ఏంటని అడిగాను.

"బాత్రూమ్ దాకా ఆగలేకపోతున్నానే, చీర తడిసిపోతోంది. అక్కకీ ఇలాగే ఉండేది. మా ఇద్దరికే తెలుసు," అంది.

బయటికి వెళ్ళాల్సిన రోజున మీరిద్దరూ పొద్దుటినుంచీ నీళ్ళు ముట్టేవారు కాదట. నాకు తెలియలేదు అమ్మమ్మా.

డాక్టరమ్మ ముందు తను తల దించుకుంటే నేనే చెప్పాల్సి వచ్చింది. నా సంగతి నీకు తెలుసుగా, చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాత్రం మామూలుగానే, "నీళ్ళు మానకండి, మానేస్తే ఒంటేలు పోసేటప్పుడు మంట పెరుగుతుంది. కాఫీ తగ్గించండి. ఒంటేలు ఆపుకునే కండరాలని రోజూ బిగించి వదలండి. కాస్త కాస్త ఎక్కువసేపు ఆగడం అలవాటు చేసుకోండి," అన్నారు.

చిన్నమ్మమ్మ టీవీ ముందు సాధన మొదలుపెట్టింది. మొదట్లో ప్రకటనలొచ్చేదాకా ఆగేది. నెల తిరిగేసరికి, "ఇవాళ సీరియల్ మొత్తం చూశానే!" అని కేకేసింది.

తిరుగు ప్రయాణంలో పక్క సీటు పెద్దావిడకి నీళ్ళ సీసా అందించాను. "వద్దమ్మా, బస్సులో తాగను," అన్నారావిడ. చిన్నమ్మమ్మ వెంటనే ఆవిడ దగ్గరికి జరిగింది.

"సిగ్గుపడకండి. నాదీ అదే బాధ, ఇప్పుడు చాలా నయమండి," అంటూ మొత్తం చెప్పింది, అచ్చం నీతో మాట్లాడినట్టే.

నీ మనవరాలు