గుమాస్తా పని నాకే ఎందుకిచ్చాడు?

పెనుగంచిప్రోలు
12 మార్చి 1958, బుధవారం

జగ్గయ్యపేట మిరపకాయల కొట్లో గుమాస్తా పని నాకే ఇచ్చారు. అమ్మ సంతోషం పట్టలేకపోతోంది. నాకు మాత్రం అనుమానం తీరటంలేదు.

ఆరుగురం వెళ్ళాం. అందులో ఇద్దరు బీయే చదివినవాళ్ళు. నా ఎస్సెల్సీ సర్టిఫికెట్టు షావుకారు విప్పనైనా లేదు. "ఎవరబ్బాయివి?" అని ఒక్క మాట అడిగి, అందరితోపాటు అరుగు మీద కూర్చోమన్నాడు. కాసేపటికి మా ముందే ఒక బస్తా కుట్టు విడిపోయి కాయలన్నీ నేలమీద పడ్డాయి. మిగతావాళ్ళు ఇస్త్రీ బట్టలు మాయకుండా పక్కకి జరిగారు. నేను పంచె ఎగ్గట్టి, తుమ్ముకుంటూనే కాయలన్నీ మళ్ళీ బస్తాలోకి ఎత్తా. షావుకారు గుమ్మంలో నిలబడి అంతసేపూ నా చేతులే చూశాడు.

"చెయ్యి తిరిగినవాడివే. సోమవారం నుంచి రా" అన్నాడు.

ఆ కుట్టు దానంతటదే విడిపోయిందంటే నమ్మను. దారం కత్తితో కోసినట్టుంది. నా మంచితనం పరీక్షించటానికే కోయించాడనుకుని బస్సులో దారంతా పొంగిపోయా.

ఇంటికొచ్చి చెబితే నాన్న నవ్వలేదు. "తాలుకాయలు ఎక్కడేశావురా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. తెల్లబారిన ఆ తాలుకాయలన్నీ ఏరి బస్తా అడుక్కి తోశా. పైన ఎర్రగా నిగనిగలాడేవి పేర్చా. ఆలోచించి చేసింది కాదు, మా కళ్ళంలో ఏటా చేసేదే.

షావుకారు మెచ్చింది అదేనా? నాన్నని అడుగుదామనుకున్నా. ఆయన నా మొహం చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకా పని నేర్పింది ఆయనే.