ఆరోగ్యవంతుల పెట్టెలో నా రక్తం

చెల్లీ,

మా ల్యాబులో కీళ్లవాపు, షుగరు రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం చాలకపోతే, పనిచేసేవాళ్లమే చెయ్యి చాపుతాం. నేనూ ఇచ్చాను. సెలీనియం అనే ఖనిజం ఉండే ఒక ప్రోటీను జన్యువులో, రోగిగా నువ్విచ్చిన రక్తంలో కనిపించిన తేడాయే నాకూ ఉందని నిన్న తేలింది. కీళ్లవాపుకీ షుగరుకీ దానికీ సంబంధం ఉండొచ్చట. అదొక్కటే కారణం కాదట. కంగారుపడి షుగరు చూసుకుంటే, ఉంది.

"రోగుల పెట్టెలోకి మార్చెయ్యమ్మా," అన్నారు పెద్దసారు. నా ట్యూబు నీ ట్యూబు పక్కన పెట్టాను.

నీ వేళ్లు వాచినప్పుడల్లా "నోరు కట్టుకోవే, నన్ను చూసి నేర్చుకో" అని పదేళ్లు సాధించాను. నువ్వు అన్నీ విన్నావు. క్షమాపణలు రాసే ఓపిక కూడా లేదే. ఆదివారం వస్తాను. ఆ మాటలన్నీ నాకు తిరిగి అప్పజెప్పు. కూర్చుని వింటాను.

నీ అక్క