సీటు కవరు కింద బెల్టు

ఇందిరాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

మరియమ్మక్కకీ బావకీ, మీ తమ్ముడు దానియేలు చేతులు జోడించి చేసే వందనాలు.

అక్కా, నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదన్నావట. అలాగైతే మేడ మీదే ఉండిపో, అన్నం బావ పైకి తెస్తాడు. బావకి షుగరు తగ్గిందా, లేక పరీక్ష చేయించుకోవడం తగ్గిందా? నేనూ సలోమీ ఇద్దరం బాగున్నాం. ఇది మర్యాదకి రాసిన మాట కాదు, నిజంగానే బాగున్నాం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మామూలు ఫోన్లో నీకు వినపడదు. వీడియో ఫోన్లో నీ నుదురూ, పైన తిరిగే ఫ్యానూ తప్ప ఇంకేమీ కనపడవు. అందుకని రాస్తున్నాను.

చలి ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. ఢిల్లీ పక్కన మాకిది రెండో చలికాలం. మొదటిసారి భయపడ్డాం, ఈసారి తిట్టుకున్నాం, అంతే తేడా. పొద్దున పూట పొగా మంచూ కలిసిపోయి ముందు వెళ్లే బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనపడదు. సలోమి నాకు మంకీ టోపీ కొనిపెట్టింది. అది పెట్టుకుని వెళ్తే గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ కొత్తవాణ్ణనుకుని పేరు అడుగుతాడు. నేనూ రోజూ చెప్తాను.

తిండికి లోటు లేదు. సలోమికి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ పడిన రోజున నేనే రొట్టెలు చేసుకుంటాను. పక్కింటి దీదీ ఒకసారి వాటిని చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి, తన ఇంట్లోవి రెండు తెచ్చి పెట్టింది. నెలకొకసారి మెట్రోలో జనక్‌పురి వెళ్తాం. అక్కడ మన తెలుగువాళ్లు కూడుకుని ఆరాధన చేసుకుంటారు. పిల్లలు పాటలు తెలుగులో పాడి, బయటికొచ్చి హిందీలో పోట్లాడుకుంటారు. నాలుగు తెలుగు మాటలు చెవిన పడితే వారం రోజులు బాగుంటుంది. ఆ తర్వాత మళ్లీ మామూలే. అది కూడా అలవాటైంది, బెంగ పెట్టుకోకు.

మనవైపు నుంచి ఎవరైనా వస్తుంటే లోపల జేబున్న బనీన్లు నాలుగు కుట్టించి పంపు. ఇక్కడ షాపుల్లో అడిగితే బనీనుకి జేబెందుకని నన్నే ఎదురు అడుగుతున్నారు.

ఇక పని సంగతి. ఈ మధ్య కాస్త గొడవ జరిగింది. సలోమి ఫోన్లో బావతో ఏదో అనేసిందట, నువ్వు కంగారు పడ్డావట. ఉద్యోగం పోలేదు. మొదటి నుంచీ చెప్తాను.

ఊళ్లో రొయ్యల లారీ తోలినవాణ్ణి ఇక్కడ నర్సుల వ్యాను తోలుతున్నానని నీకు తెలుసు. వ్యాను ఆసుపత్రిది కాదు. ఆసుపత్రివాళ్లు ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు, నేను ఆ కంపెనీ మనిషిని. తెల్లవారుతుండగా ఇందిరాపురంలో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర సిస్టర్లని ఎక్కించుకుని ఢిల్లీలో దింపాలి, డ్యూటీ దిగినవాళ్లని తీసుకురావాలి. వాళ్లలో ఎక్కువమంది కోస్తావాళ్లే. అందరికీ పెద్ద గ్రేసు సిస్టరు. చీరాల దగ్గర మనిషి, ఐసీయూలో పనిచేస్తుంది. ఆవిడ మాట్లాడితే డాక్టర్లు కూడా ఫోను జేబులో పెట్టుకుని వింటారట.

మా వ్యానుకి ఒక పద్ధతి ఉంది. చివరి గేటు దగ్గర చివరి సిస్టరు ఎక్కి తలుపు వేయగానే గ్రేసు సిస్టరు ప్రార్థన చేస్తుంది. క్షేమంగా చేర్చమని, తిరిగి క్షేమంగా తీసుకురమ్మని. అందరం కళ్లు మూసుకుంటాం. ఆమెన్ అన్నాకే బండి కదులుతుంది. ప్రార్థన ఎంతసేపన్నది ఆ రోజు ఐసీయూలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చలికాలం కాబట్టి ఇంజను ఆపను, హీటరు నడుస్తూ ఉండాలి కదా.

ఈ చలికాలం మొదట్లో మా కంపెనీదే ఇంకో వ్యాను డివైడరుకి కొట్టుకుంది. డ్రైవరు కునుకు తీశాడు. అతను బెల్టు పెట్టుకున్నాడు కాబట్టి దిగి నడిచి వెళ్లాడు. వెనక కూర్చున్న అమ్మాయి మొహం ముందు సీటుకి కొట్టుకుని దవడ విరిగింది. ఆ అమ్మాయిని తెచ్చింది సలోమి వార్డుకే. నోరు తెరవలేక గొట్టంతో జావ తాగుతోందని చెప్పి, ఆ రోజు సలోమి అన్నం తినలేదు.

కంపెనీ వెంటనే మేలుకుంది. మేలుకుని, డ్రైవర్లందరి ఎదుటా తలా ఒక కెమెరా బిగించింది. అరచేతిలో పట్టేంత డబ్బా. రోడ్డు వైపు చూడదు, నా వైపే చూస్తుంది. పెళ్లయిన కొత్తలో సలోమి కూడా నన్ను అంతసేపు చూడలేదు. కళ్లు రెండు క్షణాలు మూతపడితే కీచుమంటుంది, ఆ మీదట ఒక ఆడగొంతు హిందీలో సావధాన్ రహే, జాగ్రత్తగా ఉండండి అంటుంది. దాని మీద నాకు మొదట కోపం వచ్చింది. కానీ ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫ్లైఓవరు మీద రెప్పలు బరువెక్కినప్పుడు అదే అరిచింది. పక్కకి ఆపి టీ తాగాను. కాబట్టి అది పనికిరానిదని నేననను.

కాకపోతే దానికి ప్రార్థన తెలియదు. ఇంజను నడుస్తుంటే డ్రైవరు బండి తోలుతున్నట్టే దాని లెక్క. మొదటి రోజు గ్రేసు సిస్టరు ఎవరో ముసలాయన ఊపిరితిత్తుల కోసం ప్రార్థిస్తుంటే మధ్యలో సావధాన్ రహే అని మొదలుపెట్టింది. కుర్ర సిస్టర్లు నవ్వు ఆపుకోలేకపోయారు. అలా రోజూ జరిగింది. కంపెనీ కంప్యూటర్లో నా పేరు ఎదుట రోజూ పొద్దున ఒకే సమయానికి డ్రైవరు నిద్ర అని ఎర్ర గుర్తు పడుతూ వచ్చింది.

ఘాజియాబాద్ ఆఫీసుకి రమ్మన్నారు. అక్కడ మా బళ్లన్నీ చూసుకునే సూపర్‌వైజరు రోహిత్. మంచివాడే, నన్ను అంకుల్‌జీ అంటాడు. నిద్ర కాదు బాబూ, ప్రార్థన అన్నాను. ఇంజను ఆన్‌లో ఉందా అన్నాడు. ఉంది. అయితే అది డ్రైవింగే అన్నాడు. చక్రం తిరగలేదు కదా అంటే, రిపోర్టులో చక్రం సంగతి రాదన్నాడు. నెలాఖరుకి ఎర్ర గుర్తులు పోకపోతే బండి వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. "అంకుల్‌జీ, భగవాన్ తో సబ్ దేఖ్‌తా హై. మీరు కూడా కళ్లు తెరిచి చేయండి, క్యా ఫరక్ పడ్తా హై," అన్నాడు. దేవుడెలాగూ అన్నీ చూస్తాడు, తేడా ఏముందని అతని మాట. మధ్యలో ఆ ఒక్క ముక్క తెలుగు నేను నేర్పినదే.

సరే, మర్నాటి నుంచి కళ్లు తెరిచే ప్రార్థనలో కూర్చున్నాను. కళ్లు తెరిచాక ఎటో ఒకవైపు చూడాలి కదా, అద్దంలోకి చూశాను. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. క్షేమంగా చేర్చు ప్రభువా అంటోంది గ్రేసు సిస్టరు. ఒక్కరికీ బెల్టు లేదు. దవడ విరిగిన అమ్మాయి గుర్తొచ్చింది. ఇన్ని నెలలు వీళ్లని మోస్తూ నేను ఆ సంగతే చూడలేదు.

వాళ్లు దిగినాక సీట్లు వెతికాను. బెల్టులున్నాయి. ఆసుపత్రివాళ్లు బండి శుభ్రంగా, ఒకే రంగులో కనపడాలన్నారని కంపెనీ అన్ని సీట్లకీ నీలం కవర్లు బిగించి కుట్టించింది. బెల్టులు వాటి కింద ఉండిపోయాయి. రోహిత్‌కి ఫోన్ చేసి చెప్పాను. వెనకవాళ్ల రిపోర్టు రాదు అంకుల్‌జీ, మీ గుర్తుల సంగతి చూసుకోండి అన్నాడు.

నాకు కాస్త మండింది. నా రెప్పల మీద అంత శ్రద్ధ పెట్టిన కంపెనీకి వెనక ఇంతమంది ఆడవాళ్ల దవడలు లెక్కలోకి రాలేదు. సలోమి మందుల పెట్టెలోంచి బ్లేడు తీసుకెళ్లి సీటు సీటుకీ కవరు కోసి బెల్టులు పైకి లాగాను. మర్నాడు ప్రార్థన అవగానే వెనక్కి తిరిగి, అందరూ బెల్టులు పెట్టుకుంటేనే కదుల్తానని చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఒక్కరూ మెచ్చుకోలేదు. ఇస్త్రీ నలుగుతుందని ఒకరు, ఊపిరాడదని ఒకరు. గ్రేసు సిస్టరైతే చేతులు కట్టుకుని కూర్చుంది.

"పన్నెండు గంటలు ఒకళ్లు చెప్పినట్టు నిలబడి వచ్చేవాళ్లం. ఈ కాసేపన్నా మమ్మల్ని వదిలెయ్ అన్నయ్యా," అంది. "నిన్ను కెమెరా చూస్తందని నిన్నటిదాకా మా దగ్గర ఏడ్చావుగా. ఇప్పుడు నువ్వే ఇంకో కెమెరావి అయ్యావు. అద్దంలోంచి మమ్మల్ని చూడమాకు."

డ్యూటీకి ఆలస్యం చేస్తే వాళ్లకి మాట పడుతుంది. కొందరు పెట్టుకున్నారు, కొందరు పెట్టుకోలేదు, బండి తీశాను. ఆమె అన్న మాట దారంతా నమిలాను. సగం నిజమనిపించింది, ఏ సగమో తేలలేదు.

ఈలోగా కోసిన కవర్ల సంగతి ఆఫీసుకి తెలిసింది. బండి కడిగే మనిషి ఫోటో పంపాడట. రెండు రోజులకి డ్యూటీ దిగిన సిస్టర్లు ఎక్కి కూర్చున్నాక, ఆసుపత్రి పార్కింగులో రోహిత్ వచ్చి నిలబడ్డాడు. పక్కన సంచీలో కొత్త కవర్లు పట్టుకుని కుట్టే మనిషి. ఎర్ర గుర్తులకి తోడు కంపెనీ సామాను పాడుచేశానని పైనుంచి మాటొచ్చిందట. కవర్లు మళ్లీ కుట్టించి, ఇక ముట్టుకోనని నా చేత రాయించుకోవాలి. లేకపోతే తాళంచెవి ఇచ్చేయాలి. అది చెప్పేటప్పుడు అతను నా మొహంలోకి చూడలేదు, పాపం. నేను తాళంచెవి తీశాను. ఇద్దామనో, ఊరికే పట్టుకుందామనో నాకే తెలియదు. ఈ వయసులో మళ్లీ ఎవరి దగ్గరికెళ్లి బండి అడగాలా అనుకుంటున్నాను.

రోహిత్ లోపలికి తొంగిచూసి, దీదీ, కాసేపు దిగండి, కవర్లు వేయాలి అన్నాడు. గ్రేసు సిస్టరు దిగలేదు. ఆవిడ దిగకపోతే మిగతావాళ్లూ దిగలేదు. నా తరఫున మాట్లాడుతుందని నేననుకోలేదు, మాట్లాడలేదు కూడా. హిందీలో చెప్పింది, నీకోసం తెలుగులో రాస్తున్నాను.

"బెల్టంటే నాకు పడదు. ఆయనతో దాని గురించి పోట్లాడాను, ఇంకా పోట్లాడతాను. కానీ పెట్టుకోవాలో వద్దో నేను చెప్పాలి. మీరు దాన్ని లోపల పెట్టి కుట్టేసి, నా బదులు మీరే చెప్పేశారు. రేపు నా దవడ విరిగితే, సిస్టరు బెల్టు పెట్టుకోలేదని రాసేదీ మీరేగా?"

ఆవిడ ఆగి, ఇంకో మాట అంది. కవరు మళ్లీ కుడితే ఈ బండిలో ఎవరూ ఎక్కరు, ఎందుకు ఎక్కలేదో ఆసుపత్రిలో తనే చెప్తుంది అని. అరవలేదు. పేషెంటుకి మందు వేళ చెప్పినట్టు చెప్పింది. రోహిత్ అవతలికి వెళ్లి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి, ఠీక్ హై అన్నాడు. కవర్లు ఉంటాయి, ఆసుపత్రికి రంగు కావాలి. బెల్టులు వచ్చేలా వాటికి కన్నాలు పెడతారు. కుట్టెయ్యడానికి వచ్చిన మనిషే కూర్చుని కన్నాలు కోసి, పోగులు ఊడకుండా చుట్టూ అంచు కుట్టాడు. మంచి పనివాడు. మా బండికి మాత్రమే లే. మిగతా బళ్లలో బెల్టులు ఇంకా కవర్ల కిందే ఉన్నాయి. ఆ డ్రైవర్లకి ఒక్కొక్కరికే చెప్తున్నాను. రోహిత్ విననట్టు నటిస్తున్నాడు.

ఎర్ర గుర్తుల సంగతి గ్రేసు సిస్టరే తేల్చింది. ప్రార్థనప్పుడు ఇంజను ఆపెయ్ అన్నయ్యా, మేం చలికి ఓర్చుకుంటాం అంది. ఆపేస్తే ఆ డబ్బా కూడా నిద్రపోతుంది. ఇప్పుడు అందరం కళ్లు మూసుకునే ప్రార్థిస్తున్నాం, వణుకుతూ. ప్రార్థనలు కొంచెం పొట్టివయ్యాయి. నెలాఖరుకి నా గుర్తులు పచ్చబడ్డాయి, బండి నాకే ఉంది.

బెల్టుల విషయంలో నేను నోరు మూసుకున్నాను. బండి తీసే ముందు అద్దాన్ని కాస్త పైకి తిప్పేస్తాను, వాళ్ల మొహాలు కనపడకుండా, వెనక రోడ్డు మాత్రం కనపడేలా. ఒకటొకటిగా టిక్కు టిక్కుమని వినపడతాయి. గ్రేసు సిస్టరు సీటు వైపు నుంచి మొదటి గేరు వేసేదాకా ఏమీ వినపడదు. ఆ తర్వాత, మెల్లగా, ఒకటి వినపడుతుంది. నేను రోడ్డు వైపే చూస్తుంటాను.

బావ తల మీద ఏమీ లేకుండా స్కూటరు మీద బాపట్ల దాకా వెళ్లొస్తున్నాడని విన్నాను. ఇదివరకైతే ఈ ఉత్తరం సగం దానికే పోయేది. ఇప్పుడు నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. అటక మీదున్న హెల్మెట్ దింపి, తుడిచి, స్కూటరు హ్యాండిలుకి తగిలించు. ఏమీ అనమాకు. ఆయన బయల్దేరేటప్పుడు గుమ్మంలో కూడా నిలబడమాకు. ఈ ఉత్తరం నీకు చదివిపెడుతున్నది ఆయనేనని నాకు తెలుసు.

పాస్టరు గారికీ, సుగుణమ్మ పెద్దమ్మకీ మా ఇద్దరి వందనాలు చెప్పు. మమ్మల్ని దీవించి, నీ రాత్రి ప్రార్థనలో మా పేర్లు చెప్పుకో. నాకంటే సలోమి పేరు ముందు చెప్పు, ఆమె నిలబడే పని, నాది కూర్చునే పని.

ఇట్లు,
నీ తమ్ముడు
దానియేలు